బాస్ చేప కోసం దారం, రాడ్, పడవ: డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి

లార్జ్‌మౌత్ బాస్ పెద్ద నోరున్న మంచినీటి చేప, దూరాలు పరిగెత్తి అలిసిపోయే రకం కాదు. మునిగిన మొద్దు నీడలోనో, నాచు అంచునో కాపు కాస్తుంది. ఎర దగ్గరికొస్తే నోరు తెరిచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది, తేడా తెలిసిందా అంతే వేగంగా ఉమ్మేస్తుంది. గాలం గుచ్చుకుంటే మొదటి పరుగు మళ్లీ ఆ మొద్దుల్లోకే. లేదా పైకెగిరి తల విదిలిస్తుంది. కాబట్టి సామాను చేయాల్సిన పనులు రెండు: ముల్లు గట్టి దవడలో దిగాలి, దిగాక ఊడకుండా చేప బయటికి రావాలి. మొదటి పనికి బిగువు కావాలి, రెండోదానికి సాగుడు కావాలి. ఆ సాగుడు దారంలో ఉండాలా, రాడ్ వంపులో ఉండాలా, కాళ్ల కింద కదిలే పడవలోనా అన్నది తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. దారాన్ని, రాడ్‌ని, పడవని విడివిడిగా మార్కులేసి చూడటం వల్ల జనం ఒక్కోటి మంచిదే కొని మూడూ కలిపి చెడ్డ జోడీ తయారు చేసుకుంటారు. అందుకే ఇక్కడ మూడింటినీ ఒకే వరసలో, చేప నోటి దగ్గర మొదలుపెట్టి వెనక్కి చూద్దాం.

దారం

చేపకు, మనిషికి మధ్య ఉన్నది ఇదొక్కటే. మొత్తం సామానులో ఖర్చు తక్కువ, తెగితే నష్టం ఎక్కువ ఉన్న వస్తువు కూడా ఇదే. రాడ్‌కి పెట్టే డబ్బులో కొంత తగ్గించైనా దారానికి పెట్టండని మా గట్టి సలహా.

నైలాన్ టంగుసుతో మొదలుపెడదాం. మెత్తగా ఉంటుంది, ముడి చక్కగా కూర్చుంటుంది, రీలు మీద చిక్కుపడినా తేలిగ్గా విప్పొచ్చు. సాంద్రత 1.14 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి నీటిలో చాలా నెమ్మదిగా మునుగుతుంది. పాపర్ లాంటి నీటి మీద ఆడే ఎరలకు ఇది సరిగ్గా సరిపోతుంది, ఎర ముక్కును కిందికి లాగదు. తెగేలోపు దాదాపు పావు వంతు దాకా సాగగలదు. చేప పడవ పక్కనే ఎగిరినప్పుడు ఆ సాగుడే కాపాడుతుంది. కానీ దూరంగా, లోతుగా ఉన్న చేపకి గాలం గుంజినప్పుడు మీ బలమంతా ఆ సాగుడే మింగేస్తుంది. ఇంకో లోపం, నైలాన్ నీళ్లు పీలుస్తుంది. తడిసిన టంగుసు పొడి టంగుసు కంటే బలహీనం, ఇంకా ఎక్కువ సాగుతుంది కూడా. షాపులో పొడి దారాన్ని చేత్తో లాగి చూసి తీర్పు చెప్పడం అందుకే కుదరదు. ఎండకి కూడా పాడవుతుంది. పడవ మీద రోజంతా ఎండలో ఉన్న రాడ్‌ల మీది టంగుసు గరగరలాడుతూ, సున్నం పూసినట్టు తెల్లబారితే మార్చేయాలి.

బర్క్‌లీ ట్రైలీన్‌లో ఎక్స్ఎల్ మెత్తన రకం, చిన్న ఎరలు తేలిగ్గా పోతాయి, 6 నుంచి 8 పౌండ్లలో (పౌండ్లంటే దారం తెగే బలం) స్పిన్నింగ్ రీలుకి, అంటే చక్రం కదలకుండా దారాన్ని చుట్టలుగా వదిలే రీలుకి, హాయి. ఎక్స్‌టీ గట్టి రకం, రాళ్ల మీద రాపిడికి ఓర్చుకుంటుంది, దానికి బదులుగా రీలు చుట్టల ఆకారం ఎక్కువ పట్టుకుంటుంది. బిగ్ గేమ్ మరీ మొరటు. బెయిట్‌కాస్టింగ్ రీలు (విసిరినప్పుడు చక్రమే తిరిగే రకం) మీద, లేదా బ్రెయిడ్ అనే అల్లిక దారం కింద ఆధారంగా చుట్టడానికి బాగుంటుంది.

ఫ్లూరోకార్బన్ వేరే పదార్థం, పాలీవినిలిడీన్ ఫ్లోరైడ్. జపాన్‌కి చెందిన కురేహా కంపెనీ 1971లో సీగార్ పేరుతో దీన్ని గాలపు దారంగా తెచ్చింది. సాంద్రత 1.78 ప్రాంతం కాబట్టి బాగా మునుగుతుంది. కాంతి వక్రీభవన గుణకం నీటికి 1.33 అయితే దీనికి 1.42, నైలాన్‌కి 1.5 పైన. నీటికి దగ్గరగా ఉండటం వల్ల తక్కువ కనబడుతుంది, అసలే కనబడదన్నది మాత్రం ప్రకటనల మాట. నీళ్లు పీల్చదు, ఎండకి చలించదు. జిగ్, టెక్సస్ రిగ్ లాంటి అడుగున పాకించే ఎరలకు మేము ఎంచుకునేది ఇదే, ఎందుకంటే దారం నీటిలో వంకర తిరగకుండా తిన్నగా మునిగి ఉంటుంది, చేప ముట్టుకున్నది చేతికి తెలుస్తుంది. ఇది సాగదనే మాట తప్పు. సాగుతుంది. చిన్న బరువుకి నైలాన్ అంత సాగదు, పెద్ద బరువుకి బాగానే సాగుతుంది, సాగాక నైలాన్ అంత బాగా వెనక్కి రాదు. మొద్దులో ఇరుక్కున్న ఎరని బలంగా లాగి విడిపించుకున్నాక, చివరి రెండు మూడు మీటర్లు కోసి పారేసి కొత్త ముడి వేయాలి.

ఫ్లూరోకార్బన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ముడి దగ్గరే పుడతాయి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం పై పొర దెబ్బతింటుంది. కంటికి సన్నని మెలికలా కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. చేప మీద గుంజగానే సరిగ్గా ముడి దగ్గర తెగుతుంది, తప్పు కంపెనీ మీదికి పోతుంది. ముడిని తడిపి, ఒకే లాగుడులో కాకుండా నిదానంగా బిగించండి. పాలోమార్ ముడి వేసేటప్పుడు రెండు పోగులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన పడాలి. ఇక రెండో కారణం రీలు మీద గుట్టపడటం. బెయిట్‌కాస్టింగ్ రీలులో స్పూల్ (దారం చుట్టే చక్రం) వేగం దారం వేగాన్ని మించితే చుట్టలు పైకి లేచి చిక్కుపడతాయి. ఆ చిక్కుని గట్టిగా లాగితే మడతపడిన చోట ఫ్లూరోకార్బన్ బలం పోతుంది. గోటితో తడిమితే మడత తగులుతుంది. తగిలితే అక్కడిదాకా కోసేయండి.

రకాల్లో సీగార్ ఇన్విజ్‌ఎక్స్ మెత్తన, రీలు మీద మొండికేయదు, ఫ్లూరోకార్బన్ మొదటిసారి వాడేవాళ్లకి ఇదే మంచిది. అదే కంపెనీ అబ్రాజ్‌ఎక్స్ రాపిడి కోసం చేసినది. మొద్దులు, గుల్లలు, కొండరాళ్లు ఉన్న చోట 15 పౌండ్లలో మా మొదటి ఎంపిక. టాట్సు రెండు రెజిన్లతో పోసిన దారం. ముడి బలం, మెత్తదనం రెండూ బాగుంటాయి. కానీ చెరువు గట్టున అడపాదడపా గాలం వేసేవాళ్లకి ఆ తేడా చేతికి అందదు. స్పిన్నింగ్ రీలు నిండా 8 పౌండ్ల పైన ఏ ఫ్లూరోకార్బన్ చుట్టినా స్ప్రింగులా ఎగిరి పడుతుంది. అక్కడ దాన్ని లీడర్‌గానే, అంటే అసలు దారం కొసకి కట్టే చిన్న తునకగానే వాడాలి.

బ్రెయిడ్ అల్లిక దారం. డైనీమా, స్పెక్ట్రా పేర్లతో దొరికే పాలిథిలీన్ పోగులతో అల్లుతారు. సాంద్రత 0.97, నీటి మీద తేలుతుంది, సాగుడు దాదాపు లేదు. ముఖ్యంగా సన్నం. పవర్‌ప్రో 30 పౌండ్లది సుమారు 0.28 మి.మీ., అంటే 8 పౌండ్ల టంగుసు మందం. 50 పౌండ్లది 0.36 మి.మీ., 65 పౌండ్లది 0.41 మి.మీ. గుర్రపుడెక్కలోంచి, దట్టమైన నాచులోంచి చేపని లాగాలంటే దీనికి సాటి లేదు. బిగుతుగా ఉన్న బ్రెయిడ్ నాచు కాడల్ని కోసుకుంటూ వస్తుంది. రాళ్ల మీద మాత్రం ఇదే అన్నిటికంటే పిరికిది. సన్నని పోగులు ఒక్కొక్కటే తెగి, బొచ్చు లేచి, హఠాత్తుగా చేతికొస్తుంది. రాయి ఉన్న చోట బ్రెయిడ్‌కి ఫ్లూరోకార్బన్ లీడర్ తప్పనిసరి.

నాలుగు పోగుల అల్లిక గరుకుగా, కాస్త చప్పుడుతో రింగుల్లోంచి పోతుంది, నాచుని బాగా కోస్తుంది. ఎనిమిది పోగులది గుండ్రంగా, నున్నగా ఉండి దూరం పోతుంది. కప్ప ఎరకి నాలుగు, చిన్న ఎరలతో దూరం విసరడానికి ఎనిమిది, అని విడదీసుకుంటే చాలు. సఫిక్స్ 832లో ఎనిమిది పోగుల్లో ఒకటి గోర్ పోగు. గుండ్రదనం నిలుస్తుంది, రెండు పనులకీ సర్దుకుపోతుంది. రంగు వెలిసిపోవడం అన్ని బ్రెయిడ్లకీ ఉన్నదే, బలానికి దానితో సంబంధం లేదు.

బ్రెయిడ్ చుట్టేటప్పుడు చేసే తప్పు ఒకటుంది. నున్నని స్పూల్ మీద నేరుగా చుడితే మొత్తం కట్ట ఒక్కటిగా జారిపోతుంది, డ్రాగ్ (చేప లాగితే దారాన్ని బిగువుతో వదిలే రీలు బ్రేకు) పాడైందని అనుకుంటారు. ముందు పది మీటర్ల దాకా టంగుసు చుట్టి, దానికి డబుల్ యూని ముడితో బ్రెయిడ్ కలపండి. తడి గుడ్డతో వేళ్ల మధ్య పట్టి బిగువుగా చుట్టండి. వదులుగా చుట్టిన బ్రెయిడ్ పెద్ద చేప లాగినప్పుడు కింది చుట్టల్లోకి దిగబడి, తర్వాతి విసురులో అక్కడే ఆగిపోతుంది. ఎర విడిగా ఎగిరిపోతుంది. స్పిన్నింగ్ స్పూల్ అంచు నుంచి 3 మి.మీ. ఖాళీ ఉంచండి. పైపొర అరిగిందనిపిస్తే పారేయక్కర్లేదు, మొత్తం తిప్పి చుట్టితే ఎప్పుడూ నీళ్లు చూడని కొస పైకి వస్తుంది.

ప్యాకెట్ మీద పౌండ్లు చూసి పోల్చడం వల్లే ఎక్కువమంది మోసపోతారు. రెండు కంపెనీల 10 పౌండ్ల దారాల్లో ఒకటి లావుగా ఉంటే, అది నిజానికి అంతకంటే ఎక్కువ బలానికి తెగేది కావచ్చు. కాబట్టి మి.మీ. అంకె చూడండి. క్రాంక్‌బెయిట్, అంటే లాగే కొద్దీ నీటిలోకి దిగే గట్టి ఎర, ఎంత లోతుకి పోతుందన్నది కూడా మందాన్ని బట్టి మారుతుంది. సన్నని దారానికి నీటి అడ్డు తక్కువ, ఎర ఇంకా లోతుకి పోతుంది.

రాడ్

దారంలో సాగుడు లేకపోతే రాడ్‌లో ఉండాలి. ఈ ఒక్క లెక్కతో సగం రాడ్‌లు జాబితాలోంచి పోతాయి.

రాడ్ మీద రాసిన పవర్ అంటే ఎంత బరువుకి వంగుతుందో, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో. ఫాస్ట్ అంటే పై మూడో వంతులోనే వంపు, మోడరేట్ అంటే నడుము దాకా. ఒంటి ముల్లు లావు గాలాలు, అంటే టెక్సస్ రిగ్‌కి కట్టే 3/0, 4/0 సైజు గాలం, జిగ్, కప్ప ఎర, ఇవన్నీ దవడలో దిగడానికి బలం అడుగుతాయి, కాబట్టి ఫాస్ట్. మూడు ముళ్ల చిన్న గాలాలున్న క్రాంక్‌బెయిట్లు, జెర్క్‌బెయిట్లు పైపైన గుచ్చుకుంటాయి. బిరుసు రాడ్‌తో లాగితే చర్మం చిరిగి ఊడిపోతాయి. అక్కడ మోడరేట్, వీలైతే గ్లాస్ ఫైబర్ కలిసినది. మెత్తని రాడ్ ఎరని చేప లోపలికి పీల్చుకునే క్షణంలో కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది, ఆ ఆలస్యం లాభమే. క్రాంక్‌బెయిట్ రాడ్ మీద 10, 12 పౌండ్ల ఫ్లూరోకార్బన్ ఉంచండి. అక్కడ బ్రెయిడ్ పెడితే రాడ్ ఇచ్చిన మెత్తదనాన్ని దారం తినేస్తుంది.

మేము బాగా పనిచేస్తాయని చెప్పే జోడీలు కొన్ని. కప్ప ఎరకి 7 అడుగుల నుంచి 7 అడుగుల 4 అంగుళాల హెవీ ఫాస్ట్, 50 లేదా 65 పౌండ్ల బ్రెయిడ్, లీడర్ లేకుండా, 7:1 పైన తిరిగే రీలు (పిడి ఒక్కసారి తిప్పితే స్పూల్ ఏడుసార్లు తిరిగేది). చేప నీళ్లు చిమ్మగానే గుంజకుండా, చేప బరువు చేతికి తెలిశాకే కొట్టాలి. టెక్సస్ రిగ్‌కి, జిగ్‌కి 7 అడుగుల మీడియం హెవీ ఫాస్ట్, 15 పౌండ్ల ఫ్లూరోకార్బన్. డ్రాప్ షాట్‌కి (బరువు కింద, గాలం దాని పైన కట్టే పద్ధతి), చిన్న మెత్తని పురుగు ఎరలకి 7 అడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్, 10 లేదా 15 పౌండ్ల బ్రెయిడ్, కొసన 6 నుంచి 8 పౌండ్ల ఫ్లూరోకార్బన్ రెండు మీటర్లు. ఇందులో ముడి రింగుల్లోంచి పోవాలి కాబట్టి సన్నని ఎఫ్‌జీ ముడి నేర్చుకోవడం మంచిది. మరీ చిన్న రింగులున్న రాడ్‌లలో లావు ముడి తట్టుకుని ఎర దూరం పోదు, కొన్నిసార్లు కొస రింగు కూడా ఊడుతుంది.

ఒక్కటే కొంటామనే వాళ్లకి 7 అడుగుల మీడియం ఫాస్ట్ స్పిన్నింగ్, 2500 సైజు రీలు చెబుతాం. బెయిట్‌కాస్టింగ్‌తో మొదలుపెట్టి చిక్కులు విప్పుకుంటూ కూర్చోవడం కంటే నీటిలో ఎర ఉన్న సమయమే ముఖ్యం.

షేక్‌స్పియర్ కంపెనీ అగ్లీ స్టిక్ 1976 నుంచీ ఉంది. ఇప్పటి జీఎక్స్2 గ్రాఫైట్, ఫైబర్‌గ్లాస్ కలిపినది. బరువు ఎక్కువ, చేప మెత్తగా ముట్టుకున్నది చేతికి అంతగా తెలియదు, కానీ పడవలో తొక్కినా, పిల్లల చేతికిచ్చినా బతుకుతుంది. క్రాంక్‌బెయిట్ రాడ్‌గా దాని బరువైన వంపు అనుకూలమే. సెయింట్ క్రోయి మోజో బాస్, డాబిన్స్ ఫ్యూరీ, షిమానో ఎస్‌ఎల్‌ఎక్స్ గ్రాఫైట్ రాడ్‌లు. జిగ్, టెక్సస్ రిగ్‌లకి స్పష్టంగా మేలు. అంతకుమించి హై మాడ్యులస్, అంటే మరింత బిరుసైన గ్రాఫైట్‌కి పోతే తేలిక, స్పర్శ పెరుగుతాయి, పెళుసుదనం కూడా పెరుగుతుంది.

గ్రాఫైట్ రాడ్ చేప మీద విరిగితే దెబ్బ అంతకుముందే తగిలి ఉండటం మామూలు. టంగ్‌స్టన్ బరువు ఊగి రాడ్‌కి కొట్టుకున్న చోట, కారు తలుపులో నలిగిన చోట పోగులు చిట్లి ఉంటాయి, తర్వాత ఎప్పుడో బరువు పడగానే పుటుక్కుమంటుంది. ఎరని కొస దాకా చుట్టి వేలాడదీయకుండా రాడ్ మీది కొక్కేనికి తగిలించండి. ఇక చేపని పడవలోకి ఎత్తేటప్పుడు రాడ్‌ని తల వెనక్కి ఎత్తితే భారమంతా కొస మూడో వంతు మీదే పడుతుంది. వల వాడండి, లేదా చేప కింది దవడ పట్టి ఎత్తండి.

కొనేటప్పుడు ప్రతి రింగు లోపలా దూదిపుల్ల తిప్పండి. దూది పోగు పట్టుకుంటే సిరామిక్ చిట్లినట్టే, అది బ్రెయిడ్‌ని కోసేస్తుంది. రాడ్‌ని కంటికి ఎదురుగా పట్టి రింగులన్నీ ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూడండి. పిడి కార్కా, ఫోమా అన్నది చేతి ఇష్టం.

డ్రాగ్ సంగతి కూడా ఇక్కడే. టంగుసు, ఫ్లూరోకార్బన్ అయితే దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు. 15 పౌండ్ల దారానికి 4, 5 పౌండ్లు. స్ప్రింగ్ త్రాసుని దారం కొసకి కట్టి, రాడ్ వంచి లాగి చూడండి. 65 పౌండ్ల బ్రెయిడ్‌కి ఈ లెక్క వర్తించదు, అక్కడ ముందు లొంగేది గాలం లేదా రాడ్.

పడవ

ఇది చివరే కొనాలి. దారం, రాడ్ సరిగ్గా ఉంటే గట్టు మీంచైనా బాస్ దొరుకుతుంది. అవి లేకుండా పడవ ఉన్నా లాభం లేదు.

పడవ కూడా సాగుడు లెక్కలో భాగమేనని చాలామంది మర్చిపోతారు. 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ బాస్ బోట్ ముందు భాగంలో నిలబడి గుంజితే పడవ కదలదు, బలమంతా గాలానికి పోతుంది. కయాక్‌లో (సన్నని, తేలికైన చిన్న పడవ) కూర్చుని అదే బలంతో గుంజితే కయాక్ చేప వైపు జరుగుతుంది, ముల్లు సగమే దిగుతుంది. అందుకే కయాక్ మీద సాగని దారం, అంటే బ్రెయిడ్, సన్నని పదునైన గాలాలు, నిలువుగా ఎత్తే బదులు పక్కకి ఊడ్చినట్టు రాడ్ తిప్పడం పనికొస్తాయి. పైగా చేప ఎగిరినప్పుడు, పెద్ద పడవలోనైతే దారం మీద పడే ఒత్తిడిలో కొంత ఇక్కడ కయాక్ తానే మోస్తుంది కాబట్టి బ్రెయిడ్ అంత కఠినంగా అనిపించదు.

కయాక్‌లలో పెడల్ తొక్కేవి తెడ్డువాటి కంటే స్పష్టంగా మేలు, చేతులు రాడ్‌కి మిగులుతాయి. హోబీ మిరాజ్‌డ్రైవ్ 1997లో వచ్చింది, రెక్కలు అటూ ఇటూ ఊగే పద్ధతి. లోతు లేని చోట రెక్కల్ని పొట్టకి ఆనించి దాటొచ్చు. ప్రొపెల్లర్ తిరిగే పెడల్ కయాక్‌లు వెనక్కి తొక్కితే వెంటనే వెనక్కి వస్తాయి, గాలి వీస్తుండగా చేపతో తలపడేటప్పుడు ఇది సుఖం. నాచులో మాత్రం రెంటికీ చిక్కే. నిలబడి గాలం వేయాలంటే 34 అంగుళాలకి తక్కువ వెడల్పున్నది వద్దు.

14 అడుగుల అల్యూమినియం జాన్ బోట్ చాలామందికి సరైన జవాబు. అడుగు చదును కాబట్టి జానెడు నీటిలోనూ పోతుంది, నిలబడితే అంతగా ఊగదు. అలల్లో దబదబా కొట్టుకుంటుంది, తేలిక కాబట్టి గాలికి కొట్టుకుపోతుంది. పెద్ద చెరువైతే ముందు భాగం కొద్దిగా కోసుగా ఉన్న రకం తీసుకోండి. అల్యూమినియం నేల మీద పడిన ప్రతి వస్తువు చప్పుడూ నీటిలోకి పోతుంది, ఫోమ్ చాప పరిస్తే పడవలో అదే మొదటి మంచి మార్పు.

దానికంటే పెద్దవి అసలైన బాస్ బోట్లు: 16 నుంచి 18 అడుగుల అల్యూమినియం, ఆ పైన 18 నుంచి 21 అడుగుల ఫైబర్‌గ్లాస్, 150 నుంచి 250 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (పడవ వెనక బయట బిగించే ఇంజిన్)తో. బాస్ ట్రాకర్ 1978లో పడవ, మోటారు, ట్రెయిలర్ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మడం మొదలుపెట్టింది. రేంజర్ బోట్స్ అర్కాన్సాస్‌లోని ఫ్లిపిన్‌లో 1968లో మొదలైంది. ఫైబర్‌గ్లాస్ పడవ అలల మీద మెత్తగా పోతుంది, గాలిలో నిలుస్తుంది. బదులుగా బరువు, ఇంధనం, లాగే బండి అన్నీ పెద్దవి కావాలి. రోజంతా పెద్ద జలాశయంలో చోటు మారుతూ తిరగనివాళ్లకి ఇది అనవసరం.

చేపలు పట్టే పడవకి ఔట్‌బోర్డ్ కంటే ట్రోలింగ్ మోటారే, అంటే పడవని నెమ్మదిగా నడిపే చిన్న బ్యాటరీ మోటారే, ఎక్కువ పనిచేస్తుంది. నిండు బరువు ప్రతి 100 పౌండ్లకి కనీసం 2 పౌండ్ల థ్రస్ట్ (నెట్టే బలం) కావాలి. 12 వోల్టుల మీద 55 పౌండ్ల దాకా, 24 మీద 80, 36 మీద 112 మామూలుగా దొరికేవి. వెనక బిగించేది పడవని తోస్తుంది, ముందు బిగించేది లాగుతుంది. గాలిలో లాగే పడవే చెప్పిన మాట వింటుంది. షాఫ్ట్ పొడవు తక్కువైతే అలకి ప్రొపెల్లర్ బయటికొచ్చి గురగురమంటుంది, చేపలు చెదురుతాయి. కనీసం ఒక అడుగు నీటి కింద ఉండాలి.

55 పౌండ్ల మోటారు పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. 100 ఆంపియర్ అవర్ సీసం బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి, పూర్తి వేగంలో చేతికొచ్చేది గంట. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు మొత్తం ఇస్తుంది, సగం బరువు కూడా ఉండదు. దానికి తగిన ఛార్జరే వాడాలి, సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు. బ్యాటరీ దగ్గరే 60 ఆంపియర్ల బ్రేకర్ పెట్టండి. సన్నని తీగ వాడితే తీగ వేడెక్కి, మోటారు నీరసించి, తప్పు బ్యాటరీదని అనిపిస్తుంది.

అమెరికాలో 20 అడుగుల లోపు పడవలకి ఎంత బరువు, ఎంతమంది అని చెప్పే పలక ఉంటుంది. బ్యాటరీలు, ఇంధనం, మనుషులు, సామాను కలిపి ఆ అంకెలోనే ఇమడాలి. అక్కడే 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు మోటారు పడవలు వేగంగా నడిపేటప్పుడు ఇంజిన్ ఆపే తాడు ఒంటికి తగిలించుకోవడం చట్టం. చట్టం లేని చోటా తగిలించుకోవాల్సిందే. మనిషి పడిపోయాక ఇంజిన్ తిరుగుతూనే ఉంటే పడవ గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది.

పడవ దించేముందు చేయి పెట్టి చూడాల్సింది ట్రోలింగ్ మోటారు ప్రొపెల్లర్ వెనక భాగం. బ్రెయిడ్ అక్కడ చుట్టుకుంటే తిరిగే కొద్దీ షాఫ్ట్ సీల్‌ని కోసి, నీరు మోటారులోకి పోయేలా చేస్తుంది. బ్యాటరీ తీగ విప్పి, నట్ తీసి, ప్రొపెల్లర్‌ని బయటికి లాగి, లోపలున్న దారాన్ని బ్లేడుతో కాకుండా వేళ్లతో విప్పి తీయండి. బ్రెయిడ్ వాడేవాళ్లు ఇది నీళ్లలోంచి పడవ పైకి తీసిన ప్రతిసారీ చేయాలి.